తవిటినాయుడికి ఎత్తిన గుడ్డ

నేను ఒక శాలువాను. ఆ మాట వినగానే కాశ్మీరు ఉన్నినీ, చలికాలపు వెచ్చదనాన్నీ ఊహించుకోకండి. తర్వాత మీరు నిరాశ పడితే ఆ బెంగ నాకే. నేను సన్మానాల శాలువాను. ఎర్రటి ఒళ్ళు, అంచుకి జరీలా మెరిసే పసుపు దారం. చలికి పనికిరాను. ఎండలో గుచ్చుకుంటాను. తడిస్తే ముడుచుకుపోతాను. నన్ను తయారుచేసినవాళ్ళకి ఇవన్నీ తెలుసు. నన్ను చేసింది కప్పుకోవడానికి కాదు, కప్పడానికి. ఫోటో తీసేంతసేపు భుజాల మీద నిలబడితే నా బతుకు ధన్యమే.

ఉత్తరాదిన ఎక్కడో రేకుల షెడ్డులో, మరమగ్గం మీద పుట్టాను. పుట్టినప్పుడు నేను ఒక్కదాన్ని కాదు. మేమంతా ఒకే పొడుగాటి గుడ్డ. నేను ఎక్కడ అయిపోతానో, నా పక్కది ఎక్కడ మొదలవుతుందో మాకు తెలియదు. ఒకామె కత్తెర పట్టుకుని కూర్చుని, పక్కనామెతో కూతురి జ్వరం గురించి చెప్పుకుంటూ, మా వంక చూడకుండానే మమ్మల్ని విడదీసేసింది. నేను 'నేను' అయింది అప్పుడే. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, మారే ముందు నాకు ఆ కత్తెర చప్పుడే వినిపిస్తుంది.

లారీలో శ్రీకాకుళం వైపు వచ్చి ఒక బట్టల కొట్లో అరలో పడ్డాను. అక్కణ్ణించి నన్ను తీసుకువెళ్ళింది సోమసుందరం మేష్టారు. దిబ్బవలస హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఊళ్ళో అమరవీరుల సంస్మరణ కమిటీకి ఆయనే కార్యదర్శి. మిగతావాళ్ళు శాలువాలు రంగు చూసి కొంటారు. ఆయన నన్ను రెండు వేళ్ళతో నలిపి చూసి, "ఒక తల్లికి కప్పాలి, కాస్త మంచిది చూపించవయ్యా" అన్నారు.

"తల్లికైనా మంత్రికైనా ఇదే మేష్టారూ" అన్నాడు కొట్టువాడు.

ఆయన చెడ్డవారు కారని మీరు ముందే తెలుసుకోవాలని ఈ సంగతి చెప్పాను. జరిగిన దానికి ఒక చెడ్డమనిషి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు.

దిబ్బవలసలో పొలాలు తక్కువ, మిలట్రీకి వెళ్ళిన మగపిల్లలు ఎక్కువ. ఏటా జూలై ఇరవై ఆరున, కార్గిల్ రోజున, ఆ ఊరు తన కొడుకులందర్నీ తలుచుకుంటుంది. ఏ యుద్ధంలో పోయినవాడైనా, ఏ కొండల మీద పోయినవాడైనా ఆ రోజే జోహారు. ఆ ఏడు జంక్షన్లో కొత్తగా ఒక విగ్రహం పెట్టారు. తవిటినాయుడిది. సరిహద్దు కొండల్లో కాపలా ఉండగా మంచుచరియ కింద పడి పోయిన కుర్రవాడు.

వాళ్ళమ్మ పేరు అసిరమ్మ. సభకు ముందు నన్ను పళ్ళెంలో పెట్టి ఆడవాళ్ళ మధ్య ఉంచారు కాబట్టి, ఆమె కథంతా వాళ్ళ మాటల్లోనే విన్నాను. తవిటినాయుడికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. అందుకని వీడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటి ముత్యాలుకి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు. తవుడు ఖరీదు చేసే బిడ్డను మృత్యువు ఏం పట్టించుకుంటుందిలే అని ఆ పక్క ఊళ్ళన్నిటా నమ్మకం. అలా తవిటినాయుడయ్యాడు. బతికాడు, పెరిగాడు, పరుగు పందెంలో నెగ్గి సైన్యంలో చేరాడు. తవుడు మోసం మృత్యువుకి కొండల మీద తెలిసిపోయినట్టుంది.

జెండా కప్పిన పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవవద్దన్నారు. ఎందుకు వద్దన్నారో ఊళ్ళో అందరికీ అర్థమైంది, ఎవరూ నోటితో అనలేదు. ఆ వైపు చనిపోయిన మనిషికి కన్నవాళ్ళు కొత్తగుడ్డ కప్పి పంపాలి. అది కప్పకపోతే పోయినవాడు బట్టలేకుండా పోయినట్టే లెక్క. అసిరమ్మ కొత్త పంచె తీసుకువెళ్ళి పెట్టె మీద పరిచింది. వచ్చిన అధికారి నెమ్మదిగా, చాలా మర్యాదగా, ఆ పంచె తీసి ఆమె చేతికిచ్చాడు. జెండా మీద ఇంకేదీ ఉండకూడదమ్మా అన్నాడు. అతను అన్నదీ నిజమే. ఆ పంచెను వల్లకాట్లోనే వదిలేసి రావలసి వచ్చింది. పోయినవాడి పేరున ఎత్తిన గుడ్డ, అంటే వాడికి కప్పాలని చేతుల్లోకి తీసుకున్నది, మళ్ళీ ఇంటి గడప దాటకూడదు.

ఇదంతా ముత్యాలు పక్కనామెకు చెబుతుంటే పళ్ళెంలో పడుకుని విన్నాను. మేష్టారు వినలేదు. ఆయన మైకు సరిచేయించుకుంటున్నారు.

సభ మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. స్కూలు పిల్లలు వరసలో నిలబడి వాడిపోయారు. ముఖ్య అతిథిగా రావలసిన నాయకుడు ఆలస్యంగా వచ్చి, రాగానే తొందరగా వెళ్ళాలన్నాడు. మౌనం పాటించండి అన్నారు. అందరూ తలలు దించారు. నాయకుడి జేబులో ఫోను పాట పాడింది. తలలు ఎత్తారు. మౌనం అయిపోయింది.

విగ్రహం మీది తెర తీశారు. శిల్పి ఎవరో గుబురు మీసాలు పెట్టాడు. తవిటినాయుడికి మీసం సరిగా రానే లేదట. అసిరమ్మ చాలాసేపు చూసి, "సెవులు ఆడివే" అంది. దిమ్మ మెట్టెక్కి, తడి కుంకుమతో ఆ సిమెంటు నుదుటికి బొట్టు పెట్టింది. కిందికి దిగగానే మేష్టారు ఆమెను వేదిక ఎక్కించి నన్ను ఆమె భుజాల మీద కప్పారు. ఫోటో తీశారు.

ఆ భుజాలు ఎలాంటివో నేను చెప్పగలను. ఎముకలు నాకు తగిలాయి. ఆమెకు ఏదో తట్టినట్టుంది. నా అంచును మెల్లగా తడిమి చూసుకుంది. కొత్తగుడ్డను. ఆమె చేతికి తనంతట తాను వచ్చిన కొత్తగుడ్డను. ఎదురుగా, పెట్టె లేకుండా, ముఖం తెరిచి ఉన్న కొడుకు.

ఆమె నన్ను భుజాల మీంచి తీసి రెండు చేతుల మీదా పరుచుకుంది. పెదవులు కదిలాయి. నాకొక్కదానికే వినబడింది.

"తవిటీ, ఉండరా నాయినా. కప్పుతాను."

విగ్రహం వైపు అడుగు వేసింది. నాకు పుట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి, నేనెందుకు పుట్టానో తెలిసినట్టయింది.

అదే సమయంలో వేదిక మీద ఒక ఇబ్బంది వచ్చిపడింది. నాయకుడు వస్తూ వస్తూ వెంట ఒక కంట్రాక్టరును తీసుకొచ్చాడు. విగ్రహం కింది దిమ్మ కట్టించింది ఆయనే. మావాణ్ణి మరిచిపోయినట్టున్నారే అన్నాడు నాయకుడు నవ్వుతూ. తెచ్చిన శాలువాలు అయిపోయాయి. మేష్టారు అటూ ఇటూ చూశారు. చేతుల మీద శాలువా పరుచుకుని, వేదిక దిగబోతూ తన వైపు వస్తున్న అసిరమ్మ కనబడింది. పాపం, ఇలాంటివి కప్పుకోవడానికి మొహమాటపడి తిరిగి ఇచ్చేస్తోందనుకున్నారు. నిజంగానే అలా అనుకున్నారు. ఆయన ముఖం వెలిగింది. "బంగారుతల్లివమ్మా" అని చేతులు చాచి నన్ను అందుకున్నారు.

ఆమె వేళ్ళు నన్ను వదలలేదు. ఒక్క క్షణం. తర్వాత వదిలాయి. మేష్టారి చెయ్యి ముందుకు చాచి ఉంటే ఆ ఊళ్ళో ఎవరు కాదంటారు? మళ్ళీ కత్తెర చప్పుడు వినబడింది నాకు. ఆమె రెండు వేళ్ళ కుంకుమ నా పసుపు అంచుకి అంటుకుంది.

మేష్టారు నన్ను కంట్రాక్టరు భుజాల మీద కప్పి మైకు అందుకున్నారు. కొడుకును దేశానికిచ్చిన ఈ తల్లి, తన శాలువాను కూడా పెద్దలకు సమర్పించిన త్యాగమూర్తి అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. ఇక్కడేదో మరకండీ అని కంట్రాక్టరు గొణిగితే, మేష్టారు జేబురుమాలుతో తుడిచారు. పోలేదు, ఇంకాస్త పాకింది.

కింద ముత్యాలు అంది, "శాలువా కూడా బరువైపోనాదేటే అసిరీ, ఇచ్చీసినావు?" అసిరమ్మ ఖాళీ చేతులు ఇంకా ముందుకే చాచి ఉన్నాయి. తర్వాత గుర్తొచ్చినట్టు వాటిని చెంగులో దాచుకుంది.

సిగ్గు కప్పుకోవడానికి మనిషి గుడ్డ కట్టడం నేర్చుకున్నాడంటారు. గుడ్డకే సిగ్గు వేస్తే ఏం కప్పుకోవాలి? కారు వెనక సీట్లో పడి ఆ రోజంతా నేను అదే ఆలోచించాను.

ఆ తర్వాత నా జీవితం మీరు ఊహించగలిగిందే. కంట్రాక్టరు ఇంట్లో బీరువా నిండా మేమే. ఆయన భార్య మరక లోపలికి పోయేలా నన్ను మడతపెట్టింది. కూతురి నాట్యం టీచరుకు సన్మానం వస్తే నేను వెళ్ళాను. ఆవిడ నన్ను సరిగా విప్పి చూడకుండానే ఒక కవిగారికి కప్పించింది. ఆ కవిగారింట్లో దుప్పట్లు చిరిగాయి గానీ శాలువాలకు కొదవ లేదు. ఆయన నుంచి ఒక పెళ్ళిళ్ళ పేరయ్యకు, ఆయన నుంచి ఇంకెవరికో. ప్రతిచోటా మరకను లోపలికి మడతపెట్టడం ఒక్కటే అందరూ శ్రద్ధగా చేశారు. మనుషుల గౌరవం ఇలా చేతులు మారుతూ తిరుగుతుందని నాకు అప్పుడు తెలిసింది. అందులో తప్పేమీ లేదేమో. కానీ నేను వాళ్ళ భుజాల మీద ఉన్న ప్రతిసారీ బెదిరిపోయేదాన్ని. నేను పోయినవాడి పేరున ఎత్తిన గుడ్డను. వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

తిరిగి తిరిగి ఒకరోజు నన్ను ఒక స్కూలు వరండాలో పదవీ విరమణ సభలో విప్పారు. నా కింద ఉన్న భుజాలు ఎవరివో చూసి నా దారాలు బిగుసుకున్నాయి. సోమసుందరం మేష్టారివి. జుట్టు నెరిసింది, కాస్త వంగారు.

ఇంటికి వెళ్ళాక ఆయన భార్య మడత విప్పి, మరక ఉన్న శాలువా కప్పారేమిటండీ, మీ గౌరవం పాడుగాను అని నవ్వింది. మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. రెండు వేళ్ళ గుర్తులు, వాటి పక్కన తాను తుడిచినప్పుడు పాకిన ఎరుపు. ఆయన కుర్చీలో కూర్చున్నారు. కాఫీ చల్లారిపోయింది.

మర్నాడు నన్ను సంచిలో పెట్టుకుని అసిరమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. లేవబోతే ఆయన వద్దన్నారు. నన్ను తీసి ఆమె ముందు పెట్టారు. ఇది నీదే అసిరమ్మా, నీకే రావాలని తిరిగి వచ్చింది, ఉంచుకో అన్నారు. పెద్ద బాకీ తీర్చినంత తేలిక ఆయన గొంతులో వినబడింది.

ఆమె నన్ను ముట్టుకోలేదు. మరక చూసింది. ముఖం పాలిపోయింది.

"ఆ బాబు బాగున్నాడా?" అంది.

మేష్టారికి అర్థం కాలేదు. ఎవరని అడిగారు.

"అదే, ఆ దినం దీన్ని కప్పుకున్న బాబు. ఆయనకేటీ అవలేదు కదా? ఇన్నాళ్ళూ నాను బయిపడతానే ఉన్నాను. సచ్చిపోనోడికని ఎత్తిన గుడ్డ బతికున్నోడి మీద ఏసినారు. ఆ బాబు ఇంట్లో సిన్నపిల్లలున్నారో ఏటో. అమ్మోరికి మొక్కుకున్నాను, దీపం పెట్టినాను."

మేష్టారు, పోయినవాడికి ఎత్తడం ఏమిటని అడిగారు. ఆమె చెప్పింది. పెట్టె గురించి, పంచె గురించి. కోపంగా చెప్పలేదు. అదే ఇబ్బంది.

"జెండా దేశం కప్పింది బాబూ. అదేటీ తక్కువ కాదు. కన్నోళ్ళు కప్పాల్సింది ఉండిపోనాది. ఆ దినం మీకిచ్చీలేదు నాను. ఆడికి కప్పుదామని ఎల్తన్నాను. మీరు సెయ్యి సాపినారు. పెద్దోరు."

"అప్పుడే ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"మైకులో మీరు మాట్లాడతన్నారు కదా. నా మాటెక్కడ ఇనబడతాది?"

ఆయన తల దించుకున్నారు. విద్యార్థులు తప్పు రాస్తే తల దించుకోమనే మనిషి. కొత్త శాలువా, ఇంతకంటే మంచిది, ఈ రోజే తెస్తానన్నారు. ఆమె తల అడ్డంగా తిప్పింది. వాడి పేరున ఎత్తిన గుడ్డ ఇదేనట. వాడి బొట్టు అంటింది దీనికేనట. ఇంకొకటి తెస్తే ఇది ఎక్కడికి పోతుంది అని అడిగింది. నన్ను ఇంట్లో పెట్టుకోవడం కుదరదంది. ఆయన నన్ను మళ్ళీ సంచిలో పెట్టుకుని, సంచిని భుజానికి తగిలించుకోకుండా, రెండు చేతులతో పట్టుకుని ఇంటికి నడిచారు.

మళ్ళీ జూలై వచ్చింది. ఇప్పుడు కమిటీ కార్యదర్శి రమణమూర్తి అనే కేబుల్ టీవీ యజమాని. చురుకైనవాడు. విగ్రహానికి బంగారు రంగు వేయించాడు, టీవీవాళ్ళను పిలిచాడు. మేష్టారు ముందే వెళ్ళి సంగతి చెప్పారు. అతను ఓపిగ్గానే విన్నాడు. మేష్టారూ మీకు తెలీనిదేముంది, ముందు అతిథిగారి పుష్పగుచ్ఛం, తర్వాత ప్రసంగం, విగ్రహం మీద పాత శాలువా కప్పితే ఫోటోలో బాగుండదు, అందరూ వెళ్ళిపోయాక కప్పుకోమనండి అన్నాడు.

ఒకప్పుడైతే మేష్టారు కూడా సరిగ్గా అదే అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలిసినట్టే ఉంది, వాదించలేదు.

సభ మొదలైంది. ఈసారి అతిథి వేరు, ఆలస్యం అదే. అసిరమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. మేష్టారిని వేదిక మీదకు పిలిస్తే వెళ్ళలేదు. నన్ను సంచిలోంచి తీసి అసిరమ్మ చేతుల్లో పెట్టారు. ఆమె లేచింది. అప్పుడు రమణమూర్తి మైకులో అతిథిగారి సేవల గురించి చెబుతున్నాడు. ఆమె లేవడం చూసి, అమ్మా కూర్చోవాలి, అమ్మా దయచేసి కూర్చోవాలి అన్నాడు. ఆ గొంతు నాలుగు మూలల నుంచీ మోగింది. ఆమె ఆగిపోయింది. నన్ను పట్టుకున్న వేళ్ళు సడలాయి. ఆ సడలడం నాకు తెలుసు. కత్తెర చప్పుడు కోసం ఎదురు చూశాను.

మేష్టారు మైకు సెట్టు పెట్టిన బల్ల దగ్గరకు నడిచి, వైరు పీకేశారు.

రమణమూర్తి పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత అవీ ఆగాయి. ఏం జరిగిందో తెలియక అందరూ వెనక్కి చూశారు. మేష్టారు వైరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు, దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా. అసిరమ్మ వైపు చూపించారంతే.

ఆమె విగ్రహం దగ్గరకు నడిచింది. మెట్టెక్కింది. ముత్యాలు వెనకనుంచి ఆమె నడుం పట్టుకుంది, ముసలిది పడిపోతుందని. నన్ను విప్పి ఆ సిమెంటు భుజాల మీద కప్పింది. ముందుకు లాగి గుండె మీద మడత వేసింది. బంగారు రంగు ఇంకా పచ్చిగా ఉండి నాకు అంటుకుంది.

"ఆలీసమైపోనాది నాయినా" అంది.

మైకు లేదు. అయినా చివరి వరసలో ఉన్న పిల్లలకు కూడా వినబడింది. వేదిక మీది అతిథి లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చేయాలో తెలియక చెప్పులు విడిచాడు. ఎవరూ మౌనం పాటించండి అనలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మగవాళ్ళు నేల చూశారు. ఇన్నేళ్ళూ ఆ జంక్షన్లో తాము ఏం చేశారో వాళ్ళకి అప్పుడు తట్టినట్టుంది. లేక ఎండ వల్ల తలలు దించారేమో, నేను ఖాయంగా చెప్పలేను.

ఆ తర్వాత నన్ను తీసేయించాలని కమిటీ చూసింది. కూలివాళ్ళను పంపితే ఎవరూ ముట్టుకోలేదు. పోయినవాడికి కన్నతల్లి కప్పిన గుడ్డ ఎవరు లాగుతారు? రంగులు వేసేవాడు కూడా నన్ను తప్పించి ముఖానికీ టోపీకీ మాత్రమే రంగు వేశాడు. అలా ఉండిపోయాను. ఫోటో తీసేంతసేపటికి పుట్టినదాన్ని, ఎండకీ వానకీ ఉండిపోయాను. ఎరుపు వెలిసి గోధుమరంగు అయ్యాను. జరీ దారాలు కొన్ని కాకులు గూళ్ళకి పట్టుకుపోయాయి. మరక మాత్రం ఇంకా తెలుస్తుంది, దగ్గరకొచ్చి చూస్తే.

రోజూ పొద్దువాలే వేళ అసిరమ్మ వచ్చేది. గాలికి జారిన నన్ను పైకి లాగి సర్దేది. నిద్రలో దుప్పటి తన్నేసుకున్న పిల్లవాడికి సర్దినట్టు, ఏమీ అనకుండా, ఒక్కోసారి కాస్త విసుక్కుంటూ. వెళ్ళేముందు ఆ సిమెంటు చెవిని ఒకసారి తాకేది. ఒక్కోసారి మేష్టారు అటుగా వస్తే, దూరంగా ఆగి చూసేవారు.

ఈమధ్య రావడం లేదు. మొదట్లో వానలనుకున్నాను. వానలు తగ్గాయి. జ్వరమనుకున్నాను. ముత్యాలు ఈ దారినే వెళుతుంది గానీ ఇటు చూడదు. నన్ను గాలి ఒక భుజం మీంచి లాగేసింది, సగం గాల్లో వేలాడుతూ ఎదురు చూశాను. నాకు నోరు లేదు, ఎవర్నని అడగను?

నిన్న పొద్దువాలే వేళ మేష్టారు వచ్చారు. కర్ర దిమ్మకు ఆనించి, కష్టపడి మెట్టెక్కారు. ఆ చేతులకు ఈ పని అలవాటు లేదు. ఒక వైపు పొట్టిగా, ఒక వైపు పొడుగ్గా కప్పారు. మళ్ళీ తీసి మళ్ళీ కప్పారు. గుండె మీద మడత ఆమె వేసినట్టు రాలేదు. విగ్రహం ముఖంలోకి చూడలేదు.

దిగేముందు ఆగి, చెయ్యి చాచి, ఆమె తాకినట్టే ఆ చెవిని ఒకసారి తాకారు.

ఇక నేను ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది.